ఇంటిపేరు గడిలో

టాంపినీస్, సింగపూర్
4 ఫిబ్రవరి 2024

చిరంజీవి తారాదేవికి ఆశీస్సులు.

నీ చెవి ఇంకా తెరుచుకోలేదని మీ కోడలు చెప్పింది. ఫోనులో అరిచి నా గొంతు పోగొట్టుకోవడం కంటే ఇదే నయం. కాగితం మీద పెట్టని మాట నాకు మాటగానే తోచదు. ఇరవై రెండేళ్ళు నా పక్కన కూర్చుని బడి అడ్మిషన్ పట్టీలు రాసినదానివి, నీకు కొత్తగా చెప్పేదేముంది.

నేను వచ్చి ఆరు వారాలైంది. కొడుకు ఇల్లు శుభ్రంగానే ఉంది. కొడుకు చేస్తున్న పని మాత్రం శుభ్రంగా లేదు.

నవంబరులో కృష్ణప్రసాద్ ఉద్యోగం పోయిందని నీకు తెలుసు. ఇప్పుడు ఇంటిపేర్లు అమ్ముతున్నాడు. ఎవరైనా తమ ఇంగ్లీషు ఇంటిపేరు చెబితే, పాతకాలపు కాగితంలా కనిపించేందుకు తేయాకు నీళ్ళ రంగు వేసిన అట్ట మీద ఒక డాలు, రెండు సింహాలు, ఆ పేరు ఎలా పుట్టింది, ఈనాడు ఏ దేశంలో ఎందరున్నారు అనే పటం, అన్నీ అచ్చువేసి చట్రం కట్టి ఇస్తాడు. శని ఆదివారాలు ఒక మాల్‌లో బల్ల వేసుకుంటాడు. తెల్లవాళ్ళతో కలిసిన ఇక్కడి పాత యూరేషియన్ కుటుంబాలవాళ్ళు, పనిమీద వచ్చిన తెల్లవాళ్ళు కొంటారట.

కొననీ. అందులో రాసేదెవరని అడిగాను. "నేనేనమ్మా, కంప్యూటర్ కొంత హెల్ప్ చేస్తుంది" అన్నాడు.

నిన్న ఒకటి చదివాను. వాకర్ అనే పేరు. "రాజుగారి కుడిపక్కన ఒర తీసిన కత్తితో నడిచిన వీరుల వంశం" అని ఉంది. ఎక్కడిదిరా ఇది అంటే తల గోక్కున్నాడు. ఇవాళ పొద్దున ఇక్కడి గ్రంథాలయానికి వెళ్ళి ఇంగ్లీషు ఇంటిపేర్ల నిఘంటువులు రెండు ముందేసుకుని కూర్చున్నాను. విను.

వాకర్ అంటే బట్ట తొక్కేవాడు. వెనకటి రోజుల్లో మగ్గం మీంచి దిగిన ఉన్నిబట్టకు జిడ్డు పోయి నేత దగ్గరపడాలంటే, దాన్ని తొట్టెలో వేసి కాళ్ళతో గంటల తరబడి తొక్కాలి. తొట్టెలో పోసేది మురగబెట్టిన మూత్రం. ఇంటింటికీ తిరిగి పోగుచేసేవారట. చదువుతుంటే పుస్తకంలోంచి వాసన వచ్చినట్లయి, మూసి చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ తెరిచాను. ఆ పని చేసేవాళ్ళను ఆగ్నేయ ఇంగ్లండులో ఫుల్లర్లనీ, నైరుతి మూల టకర్లనీ, ఉత్తరాన వాకర్లనీ అన్నారు. ముగ్గురిదీ ఒకే తొట్టె. ఇప్పటికీ యార్క్‌షైర్, లాంకషైర్ చుట్టూ వాకర్లు దట్టంగా ఉన్నారు. స్కాట్లండులో ఉన్నారు. అమెరికా, ఆస్ట్రేలియాలకు లక్షల్లో పాకారు.

ఇదంతా చెబితే నా కొడుకు ఏమన్నాడో తెలుసా? "అమ్మా, చట్రం కట్టించుకుని హాల్లో మూత్రం ఎవరు తగిలించుకుంటారు?"

"అయితే అబద్ధం తగిలించుకోమంటావా?"

మనవరాలు అనన్య చెవుల్లోంచి తీగలు తీసి, "నానమ్మా, ఇట్స్ జస్ట్ ఫర్ ఫన్ లా" అంది. ఇక్కడి పిల్లల మాట చివరంతా ఆ "లా" తోకే. పద్నాలుగేళ్ళ పిల్ల. నాకు అన్నం సహించలేదు.

ఇంకా ఉంది. టీవీ పైన మా ఇంటిపేరుకీ ఒక చట్రం. "తాళ్ళపూడి వంశం: ఒక మహారాజు తన సేనానికి కానుకగా ఇచ్చిన గ్రామం పేరిట వెలసినది." మా మామగారి తాత కరణం దగ్గర నకళ్ళు రాసిన గుమాస్తా. సేనాని ఎక్కణ్ణుంచి వచ్చాడు? దించమన్నాను. దించలేదు.

వాకర్ చట్రం అడిగినాయన తెలుగువాడేనట. శనివారం వస్తాడట. నేనూ వెళ్ళి బల్ల దగ్గర కూర్చుంటాను. చూస్తాను, నా ఎదుట ఆ కత్తివీరుణ్ణి ఎలా అమ్ముతాడో.

తాళ్ళపూడి కాత్యాయని


సామర్లకోట
20 ఫిబ్రవరి 2024

కాత్యాయనక్కకి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి ఎంత నవ్వానో. మా కోడలు పరుగున వచ్చి, "అత్తయ్యా, ఏమైంది" అని అడిగింది, నాకు వినపడలేదనుకోండి, నోరు చూసి పోల్చుకున్నాను. మీరు పుస్తకం మూసి చేతులు కడుక్కున్న ముక్క దానికి చదివి వినిపించాను. మీ ముక్కు సంగతి నాకు తెలియదా? బడిలో మధ్యాహ్నం డబ్బాలు తెరిచే వేళకి మీరు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వరండా దాటేవారు. పిల్లలు మీ వెనకాల మీలాగే కొంగు అభినయించేవాళ్ళు. మీకు చెప్పలేదు అప్పుడు.

కృష్ణప్రసాద్‌ని మరీ తిట్టకండి. ఉద్యోగం పోయినవాడు. కానీ మీ సేనాని మాత్రం బాగున్నాడు. తాళ్ళపూడి నుంచి బయటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ ఇంటిపేరే కదక్కా, ఊరిపేరు అంటే అంతే. మా వీధి చివర ఇస్త్రీబండి ఆయన కూడా తాళ్ళపూడి వాళ్ళే. ఆయనకీ సేనానిలో వాటా ఇస్తారా?

మీరు ఇప్పటికీ ఉత్తరం కింద ఇంటిపేరు లేనిదే సంతకం పెట్టరు. నలభై ఏళ్ళ స్నేహానికి కాత్యాయని అంటే చాలదా?

ఆ వాకర్ గారు ఎవరో, ఏ ఊరివారో రాయండి. మన వైపు ఆ పేరు పాదిరీలకి తప్ప ఎవరికీ వినలేదు.

మీ తారాదేవి


టాంపినీస్
10 మార్చి 2024

తారాదేవికి,

అడిగావు కనుక రాస్తున్నాను. ఉన్నది ఉన్నట్లు.

ఆయన అన్నట్టే ఆ శనివారం నాలుగింటికి వచ్చాడు. యాభై నాలుగేళ్ళుంటాయి. ఈ ఊరి పడమటి కొసన జురాంగ్ వెస్ట్‌లో ఉంటాడు. ఓడలు కట్టే చోట అతుకులు పరీక్షించే ఉద్యోగం. చొక్కా మడత చెడలేదు. కూతురు నందిత కొత్త ఇంట్లో దిగుతున్నదట, ఆమెకి కానుక. చట్రం చేతిలోకి తీసుకుని చదివి, కృష్ణప్రసాద్‌ని అడిగాడు:

"ఇందులో రాసింది నిజమేనాండీ?"

మావాడు నోరు తెరిచేలోగా నేను, "కాదు" అన్నాను. నిఘంటువులో ఉన్నదంతా చెప్పాను, తొట్టెతో సహా. మావాడు నేల చూశాడు. ఆయన నన్ను చూసి నవ్వాడు.

"ఉచ్చలో బట్టలు తొక్కేవాళ్ళాండీ! అయితే నాకు సరిగ్గా సరిపోయింది."

"నవ్వులాట కాదు. తప్పు లెక్కకి మార్కులుండవు. అబద్ధానికి చట్రం కట్టకూడదు" అన్నాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. "టీచర్, మీరు కాత్యాయని టీచర్ కదండీ? ఆరో తరగతి, లెక్కలు. ఈ మాట మీ నోట వెయ్యిసార్లు విన్నాను. నేనండీ, ఎమ్మెల్ దయానందాన్ని."

ఎమ్మెల్ అంటే నీకు గుర్తుండే ఉంటుంది. మునిసిపల్ లైన్లు. ఊళ్ళో పాకీపని చేసేవాళ్ళకి కట్టిన రెండు వరుసల ఇళ్ళు. అతను 1981 జూన్‌లో మన బడిలో చేరాడు. పట్టీలో ఇంటిపేరు గడిలో మనం మునిసిపల్ లైన్లు అని రాశాం. పదో తరగతి ధ్రువపత్రంలో ఆ పట్టీ చూసే అచ్చువేస్తారు గనుక ఎం.ఎల్. దయానందం అని వచ్చింది. అక్కణ్ణుంచి పాలిటెక్నిక్‌కీ, ఉద్యోగానికీ. "ఎమ్మెల్ అంటే ఏమిటయ్యా అని అడిగిన ప్రతిచోటా ఒక కథ చెప్పేవాణ్ణండీ. ఒకడికి మల్లెల అన్నాను. ఒకడికి మేడిశెట్టి అన్నాను. నిజం తెలిసినవాడు ముక్కు మూసుకునేవాడు." పాస్‌పోర్టు వేళకి గెజెట్‌లో ప్రకటన ఇచ్చి, తాతకి బాప్తిస్మం ఇచ్చిన వాకర్ దొర పేరు పెట్టుకున్నాడట.

తర్వాత తన సంగతి చెప్పి ఒకటి అడిగాడు. తండ్రి ఇతను పుట్టకముందే పోయాడు. అయిదు దాకా లైన్లలోని రాత్రిబడి, దానికి పట్టీలు లేవు. మన బడిలో చేర్చిన వానాకాలమే తల్లి పోయింది. మిషన్ హాస్టల్లో పెరిగాడు. చుట్టాలెవరో, ఎక్కడో తెలియదు. "చేర్పించిన రోజు నేను తలుపవతల నిలబడ్డానండీ. మా అమ్మ మీకు మా ఇంటిపేరు చెప్పింది. చెప్పినట్టు పెదాలు కనిపించాయి గానీ, వినపడలేదు. ఆ పేరు విన్నవాళ్ళలో బతికున్నది మీరే. ఏం చెప్పిందండీ?"

నాకు గుర్తులేదని చెప్పాను. నలభై మూడేళ్ళ కిందటి మాట.

నీకేమైనా గుర్తుంటే రాయి. లేకపోతే అక్కర్లేదు. అతను ఇచ్చిన చిరునామా కార్డు ఇందులో పెడుతున్నాను. నా దగ్గర ఉంటే ఎక్కడో పడిపోతుంది.

కత్తివీరుడి చట్రం అతను తీసుకోలేదు. నిజం రాసి ఇమ్మన్నాడు. కృష్ణప్రసాద్ రాస్తున్నాడు, అదొక్కటే సంతోషం.

తాళ్ళపూడి కాత్యాయని


సామర్లకోట
2 ఏప్రిల్ 2024

కాత్యాయని గారికి,

మీ చేతి నుంచి ఏదీ పడిపోగా నేను చూడలేదు. ఆ కార్డు ఎందుకు పంపించేశారో నాకు తెలిసింది.

మనవణ్ణి తోడు తీసుకుని బడికి వెళ్ళాను. ఇప్పటి హెడ్మాస్టరు మంచివాడు, పాత బీరువా తాళం ఇచ్చాడు. 1981 పట్టీ ఉంది. అంచులు చెదలు తిన్నాయి గానీ ఆ పేజీ బాగుంది. వరస సంఖ్య 64. ఇంటిపేరు గడిలో "మునిసిపల్ లైన్లు" అని నా దస్తూరీ. దాని ముందర ఒక అక్షరం రాసి కొట్టేసి ఉంది. మీ పట్టీల్లో కొట్టివేత ఉండకూడదు గదా, ఆ రోజు ఒక్కటే ఉంది. ఆ అక్షరం ఏమిటో నేను ఇక్కడ రాయను. మీకు తెలుసు.

మీకు గుర్తులేదని అతనితో అన్నారు. నాతోనూ అన్నారు. 1979లో చేరిన పిల్లల పుట్టినతేదీలు అడిగితే పట్టీ చూడకుండా చెప్పగలిగిన మీరు.

నాకు గుర్తున్నది చెబుతాను. ఆమె పేరు మరియమ్మ. పొద్దున్నే తలస్నానం చేసి, ఉతికిన ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. జుట్టు ఇంకా తడిగానే ఉంది. ఆమె దగ్గర ఏ వాసనా రాలేదు, సబ్బు వాసన తప్ప. మీరు కొంగు ముక్కుకి పెట్టుకున్నారు. తండ్రి పేరు అడిగారు, చెప్పింది. ఇంటిపేరు అడిగారు, చెప్పింది. నేను రాయడం మొదలుపెట్టాను. మీరు నా చెయ్యి పట్టుకున్నారు. "మీకు ఆ పేరెక్కడిది?" అని ఆమెని అడిగారు. "మా మావగోరోళ్ళ ఊరు పేరండీ" అంది. మీరు నాతో, "లైన్లు అని రాయి. ఏ గడీ ఖాళీగా ఉండకూడదు" అన్నారు. ఆమె అర్థం చేసుకుంది. "ఏదోటి రాయండమ్మా, గుంటడు లోపలికొస్తే సాలు" అంది.

రాసింది నేను. ఆ తప్పులో సగం నాది, దాన్ని ఎవరిమీదా వెయ్యను. కానీ మీరు కొడుకు అబద్ధం చూసి అన్నం సహించలేదని రాశారే, ఆ ముక్క దగ్గర నాకు నిజంగా వెలపరం వచ్చింది.

తారాదేవి


టాంపినీస్
19 ఏప్రిల్ 2024

తారాదేవికి,

నీ ఉత్తరం అందింది. పట్టీ మళ్ళీ బీరువాలో పెట్టించు, చెదలమందు వేయించు. ఇక్కడ ఎండలు ఎక్కువగా ఉన్నాయి. కృష్ణప్రసాద్‌కి ఒక ఇంటర్వ్యూ వచ్చింది. మిగతా సంగతి తర్వాత రాస్తాను.

తా. కాత్యాయని


సామర్లకోట
4 మే 2024

కాత్యాయని గారికి,

మిగతా సంగతి ఒక్కటే. ఈ నెలాఖరు దాకా చూస్తాను. జూన్ ఒకటిన నేనే ఆయనకి ఉత్తరం రాస్తాను, కార్డు నా దగ్గరుంది. నేను రాస్తే పేరు మాత్రమే తెలుస్తుంది. ఎందుకు కొట్టేశామో మీరు చెప్పాలి.

తారాదేవి


టాంపినీస్
2 జూన్ 2024

తారాదేవికి,

మే 26, ఆదివారం వెళ్ళాను. నీ గడువుకి అయిదు రోజుల ముందు. నీకు భయపడి వెళ్ళానని రాయడానికి సిగ్గుపడను, అది నిజమే గనుక.

చిరునామా మావాడి ఆర్డర్ల పుస్తకంలో దొరికింది. వాడికీ చెప్పాను ముందు రోజు. అంతా విని, "అమ్మా, నువ్వా?" అన్నాడు. అంతే. అనన్య మాత్రం, "బట్ వై, నానమ్మా?" అని రెండుసార్లు అడిగింది. ఆ పిల్లకు అర్థమయ్యేట్టు చెప్పడానికి గంట పట్టింది. చెబుతున్నంతసేపూ నా మాటలు నాకే కంపుకొట్టాయి. "ఇంటిపేరు ఒకటైతే మనలో అన్నదమ్ముల వరస అంటారే, ఆ పిల్లవాడు నాకు కొడుకు వరస అవుతాడు. ఆ పేరు పట్టీలో మీ నాన్న పేరు పక్కన ఉంటే ఎవరైనా మీకేమవుతాడు అని అడుగుతారు. అది నాకు రోత పుట్టించింది." ఆ ఏడే ఒకటో తరగతిలో చేరిన మీ నాన్న పేరు ఆ పట్టీలోనే, వరస సంఖ్య 12 అని కూడా చెప్పాను. అది లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి నా పక్కన పడుకోలేదు.

రైల్లో ఊరు ఈ కొస నుంచి ఆ కొసకి. మావాడు తోడు వచ్చాడు, కింద బెంచీ మీద కూర్చుని నన్ను ఒక్కదాన్నే పైకి పంపాడు. దయానందం తలుపు తీశాడు. భార్య ఊళ్ళో లేదు. తనే టీ పెట్టి తెచ్చాడు. హాల్లో కొత్త చట్రం ఉంది. డాలూ సింహాలూ లేవు. పైన వాకర్ అని పేరు. "తొట్టెలో బట్ట తొక్కేవాళ్ళు" అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఉంది, మూత్రం మాటతో సహా. కింద ఇంగ్లండు పటం, ఉత్తరాన నల్లగా చుక్కలు, తర్వాత మిగతా దేశాలు. అన్నిటికంటే కింద సింగపూర్ దగ్గర ఒక చుక్క. తనే పెట్టించుకున్నాడట. కూతురికి ఇంకొకటి ఇచ్చాడట.

నేను నిలబడే చెప్పాను. కూర్చోమన్నా కూర్చోలేదు. మీ అమ్మ చెప్పిన పేరు తాళ్ళపూడి. నాకు నలభై మూడేళ్ళుగా గుర్తుంది. మాది కూడా అదే కావడం వల్ల రాయనివ్వలేదు. మీ అమ్మ స్నానం చేసి వచ్చింది, సబ్బు వాసన వచ్చింది, అయినా ముక్కు మూసుకున్నాను. ఫిబ్రవరిలో నీకు అబద్ధం చెప్పాను. ఇవి అయిదూ వరసగా చెప్పాను. ఏదీ మిగల్చలేదు.

అతను టీ కప్పు కింద పెట్టాడు. తర్వాత మెల్లగా, "తాళ్ళపూడి" అన్నాడు. ఇంకోసారి అన్నాడు, నోట్లో వేసుకుని రుచి చూసినట్టు. అప్పుడు అడిగాడు:

"అంటే, వరసకి మీరు నాకు పెద్దమ్మ అవుతారాండీ?"

వెటకారం అనుకుంటావేమో. కొంత వెటకారమే. కొంత కాదు. ఆ కొంతే నేను మోయలేకపోయాను.

"అవుతాను" అన్నాను.

"వద్దులెండి టీచర్. మీ దగ్గరే ఉంచుకోండి. మా అమ్మ చెప్పినప్పుడు రాసుంటే మాదయ్యేది. ఇప్పుడు పెట్టుకుంటే మీరు ఇచ్చినట్టుంటుంది." చట్రం వైపు చూపించాడు. "వీళ్ళు నాకేమీ కారు. కానీ వీళ్ళ పని ఏంటో వీళ్ళ పేరులోనే ఉంది. దాచుకోలేదు. నాకు వీళ్ళతో బాగుంది."

పట్టీ దిద్దిస్తానని, నువ్వు హెడ్మాస్టరుతో మాట్లాడతావని అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "దిద్దొద్దండీ. ఆ కొట్టేసిన అక్షరం ఉంది కదా, అది మా అమ్మ మాట. దాని ఫోటో ఒకటి పంపమనండి. అది చాలు." పంపు. ఆలస్యం చెయ్యకు.

టీ చల్లారిపోయింది. తాగాను. నా చెయ్యి కొంగు మీదకు పోలేదు, కానీ పోతుందేమోనని దాన్నే చూసుకుంటూ తాగాను. డెబ్బై ఆరేళ్ళ వయసులో నా చేతిని నేను నమ్మలేకపోయాను. ఆ తొట్టెల గురించి చదివి చేతులు కడుక్కున్నాను చూడు, ఇప్పుడు ఏది కడుక్కోవాలో తెలియడం లేదు.

గుమ్మం దాకా వచ్చి చెప్పులు సరిచేసి పెట్టాడు. మళ్ళీ రమ్మనలేదు.

ఇంటికి వచ్చి టీవీ పైన సేనానిని దించమన్నాను. ఈసారి మావాడు దించాడు. కొత్తది నేనే రాసిచ్చాను, అచ్చువేశాడు. నకలు ఇస్తున్నాను, నీ దగ్గర పెట్టుకో:

"తాళ్ళపూడి. ఊరిపేరు. ఆ ఊరినుంచి వచ్చిన ఏ కులంవారికైనా ఇదే పేరు. సేనాని లేడు, మాకు తెలిసిన మొదటివాడు నకళ్ళు రాసిన గుమాస్తా. నేడు ఉన్న చోట్లు: గోదావరి జిల్లాలు, సామర్లకోటలో ఇస్త్రీబండి వారు, హైదరాబాదు, సింగపూర్, టాంపినీస్‌లో ఒక ఇల్లు. సింగపూర్, జురాంగ్ వెస్ట్‌లో ఒక ఇల్లు, 1981 జూన్‌లో కాత్యాయని చేత కొట్టివేయబడినది. తిరిగి చేరుటకు వారు ఇష్టపడలేదు."

"దీన్నెవరు కొంటారమ్మా?" అన్నాడు మావాడు.

"అమ్మకానికి కాదు. గోడకి" అన్నాను.

అనన్య వచ్చి, కుర్చీ ఎక్కి, తనే మేకుకి తగిలించింది. నాతో మాట్లాడలేదు ఇంకా. వంకర ఉందేమో చూసి సరిచేసి దిగింది.

కాత్యాయని